పిలవని పేరంటం

కొత్తవాడలో జంపఖానా మగ్గం మీద
ఇద్దరు కూసుంటేనే పని.
ఒక్కరైతే అంచు ఒకవైపు గుంజుతది.
ఈ ముచ్చట నాకు పుస్తకం చెప్పలే.
మా నాయిన, పెద్దనాయిన చెప్పిండ్రు
భుజం భుజం ఒరుసుకుంట,
పొద్దంత ఒక్క మాట మాట్లాడకుంట.

ఇప్పుడు హన్మకొండ చౌరస్తా దాటినంక
మందుల దుకాణం మీది అంతస్తుల
మైక్రోస్కోపు మీద వంగి
మళ్ల ఆ మగ్గమే చూస్తున్న.

కణానికి కొవ్వుతో కట్టిన గోడ.
గోడల సగం దిగబడి
గ్రాహకాలు ఉంటయి. తల బయట, తోక లోపల.
పని లేనప్పుడు దేనికది
చెయ్యి ముడుచుకుని తేలుతుంటది.

మొన్న ఉల్లిగడ్డ తరుగుతుంటే నా వేలు తెగింది.
రక్తం గడ్డకట్టకముందే కబురు బయలెల్లింది:
పెరుగుండ్రి, సందు పూడ్చుండ్రి.
కబురంటే చిన్న ప్రొటీను ముక్క.
అది గోడ దాటదు.
వచ్చి తల తాకుతది, అంతే.
ముడుచుకున్న చెయ్యి విచ్చుకుంటది,
విచ్చుకున్న చెయ్యికి పక్కదాని చెయ్యి దొరుకుతది,
ఇద్దరైతరు.

ఇగ అసలు పని లోపల.
ఏ తోకా తనకు తాను బొట్టు పెట్టుకోదు.
ఇది దానికి పెడ్తది, అది దీనికి.
ఫాస్ఫేటు బొట్టు.
ఆ బొట్టును చూసి వచ్చేటోళ్లు వస్తరు,
ఒకరి చెవిల ఒకరు ఊదుకుంట
నడి ఇంట్ల కేంద్రకం దాకా మాట మోస్తరు.
కబురు తెచ్చినోడు మాత్రం ఇంకా బయటనే.

బొట్టు తుడిచేటోళ్లు కూడా ఉంటరు.
ఈడ అది అశుభం కాదు, ఆరోగ్యం.
ఆఖరికి గోడే లోపలికి గుంట పడి
గ్రాహకాన్ని, కబురును కలిపి మింగుతది.
పది రోజులకు నా వేలు మీద
గీత కూడా లేదు.

ఈ స్లైడు ఓదెమ్మది.
ఆడెపు ఓదెమ్మ, నలభై ఏడేండ్లు,
ఎనుమాముల మార్కెట్ల మిర్చి తొడిమలు తీస్తది.
ఎడమ రొమ్ముల నుంచి
బియ్యపు గింజ మందం ముక్క.
మైనంల పెట్టి, పల్చగ కోసి,
రంగు పోసి, కడిగి, మళ్ల పోసి చూస్తే
ప్రతి కణం చుట్టూ గోధుమరంగు గీత,
ఎక్కడా తెగకుండ,
కోళ్లఫారం జాలి లెక్క.

ఈ జాతి గ్రాహకానికి
కబురు తెచ్చే చుట్టం ఎవరో
ఇంతవరకు ఎవరికీ దొరకలే.
దీని చెయ్యి ఎప్పుడూ చాపే ఉంటది.
వేలల్ల ఉంటే ఏం కాదు.
లక్షలైనయి.
మేడారం గద్దెల కాడ నిలబడ్డట్టు,
ఎవరు పిలవకున్నా భుజం తగులుతది.
తగిలినప్పుడల్లా బొట్టు.
బొట్టు పెట్టినప్పుడల్లా
పెరుగు, పెరుగు, పెరుగు.

మూడు ప్లస్ అని రాసిన.
సంతకం మేడందే, రాత నాది.

ఓదెమ్మ గాజు కిటికీ అవతల నిలబడి అడిగింది:
"బిడ్డా, నాకు దెబ్బ తగిలింది లేదు,
కోసుకున్నది లేదు.
మరి ఏం మాన్పుదామని పెరిగిందే అది?"

డాక్టరమ్మ చెప్తది, అన్న.
చాపిన చెయ్యిని పట్టి ఆపే మందుందని,
మూడు వారాలకోసారి ఎక్కిస్తరని
నాకు తెలుసు. చెప్పే హక్కు నాకు లేదు.
ఎవరు పిలవలేదమ్మా, వాళ్లే కూడిండ్రు,
అనే మాట నోటి దాకా వచ్చి ఆగింది.

కాగితం మడిచి
గాజు కింది సందుల నుంచి అందిచ్చిన.
ఆమె వేళ్లు తగిలినయి, ఒక్క క్షణం.

ఇంటికి పోయి సబ్బు పెట్టి కడిగిన, రెండుసార్లు.
రాత్రి నిద్రల కన్ను నలుపుకుంటే
భగ్గున మండింది.